దురదకీ చేతికీ మధ్య

ఉదయం ఎనిమిది గంటలు. ధ్యాన మందిరంలో ఒకపక్క మగవాళ్లు, మరోపక్క ఆడవాళ్లు ఆసనాల మీద వరసగా కూర్చున్నారు. పై కప్పుకి వేలాడే ఫ్యాన్ల చప్పుడు తప్ప మరేమీ వినపడదు. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం మొదలై ఇది అయిదో రోజు. ఈ గంటసేపూ కళ్లు తెరవకుండా, కాళ్లు చాపకుండా, చేతులు విడదీయకుండా కూర్చోవాలి. దీన్ని 'అధిష్ఠానం' అంటారు.

పదిహేను నిమిషాలయ్యేసరికి ముక్కు కొస మీద చిన్న దురద మొదలవుతుంది. మామూలు రోజుల్లో అయితే అలాంటి దురద ఒకటి వచ్చిందన్న సంగతి మనసుకి ఎక్కకముందే చెయ్యి వెళ్లి గోకేసి వచ్చేస్తుంది. ఇక్కడ చెయ్యి కదలకూడదు. దురద పెరుగుతుంది. సూది గుచ్చినట్టు, చీమ పాకినట్టు, నిప్పురవ్వ పడ్డట్టు ఉంటుంది. ప్రపంచంలో ఇంకేమీ లేదు, ఆ దురద ఒక్కటే ఉంది అనిపిస్తుంది. ఇక భరించలేననుకున్న ఘడియలో ఉన్నట్టుండి అది పలచబడి, ఎటు పోయిందో తెలియకుండా పోతుంది. కూర్చున్న మనిషి ఆశ్చర్యపోతాడు. పుట్టి ఇన్నేళ్లయినా, గోకకుండా ఒక దురద పుట్టడం, పెరగడం, పోవడం మొదటినుంచి చివరిదాకా చూడటం అతనికి అదే మొదటిసారి.

విపశ్యన ధ్యానంలో అసలు పాఠం అక్కడే ఉంది. దురదకీ దాన్ని గోకే చేతికీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. రోజువారీ జీవితంలో మనకి దొరకనిది ఆ ఖాళీయే. ఎవరో మాట అంటారు, మనం వెంటనే మాట అనేస్తాం. ఫోన్ మోగుతుంది, చెయ్యి దాని మీదకి పోతుంది. పిల్లాడు పాలు ఒలకబోస్తాడు, వీపు మీద దెబ్బ పడుతుంది. తర్వాత కూర్చుని బాధపడతాం. అనకముందు, కొట్టకముందు ఒక్క క్షణం ఆగగలిగితే ఎన్ని ఇళ్లలో ఎన్ని గొడవలు ఉండవో లెక్కే లేదు. ఆ క్షణాన్ని చేజిక్కించుకోవడమెలాగో నేర్పడానికే ఈ పది రోజులు.

తెల్లవారుజామున నాలుగింటి గంట

శిబిరంలో దినచర్య కఠినంగానే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. నాలుగున్నరకల్లా ధ్యానానికి కూర్చోవాలి. ఆరున్నరకి టిఫిను, పదకొండింటికి భోజనం. సాయంత్రం అయిదింటికి టీ, పళ్లు లాంటివి ఇస్తారు. ఇంతకుముందు ఒక శిబిరం పూర్తిచేసిన పాత సాధకులకు నిమ్మరసం మాత్రమే. రాత్రి భోజనం ఉండదు. ఏడింటికి, ఈ శిబిరాలను మన దేశంలో మొదలుపెట్టిన సత్యనారాయణ గోయెంకా గారి ప్రవచనం రికార్డు వినిపిస్తారు. తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పేస్తారు. రోజు మొత్తం మీద దాదాపు పది గంటలు ధ్యానమే.

చేరేటప్పుడే ఫోను, పుస్తకం, పెన్ను అన్నీ అప్పగించాలి. చంపకపోవడం, దొంగిలించకపోవడం, బ్రహ్మచర్యం, అబద్ధమాడకపోవడం, మత్తు ముట్టకపోవడం అనే అయిదు నియమాలు పాటించాలి. పదో రోజు ఉదయం దాకా మాట్లాడకూడదు. సైగలు కూడా చేయకూడదు. దీన్ని 'ఆర్య మౌనం' అంటారు. సందేహముంటే ఆచార్యుడిని అడగొచ్చు. వసతికి సంబంధించిన ఇబ్బంది ఉంటే సేవకులకి చెప్పుకోవచ్చు. అంతకుమించి మాటలు లేవు.

మాట్లాడకుండా ఉండటమే కష్టమేమోనని కొత్తవాళ్లు భయపడతారు. రెండో రోజుకల్లా తెలుస్తుంది, నోరు మూసుకోవడం తేలికేనని, లోపల మాట్లాడే నోటిని ఆపడమే కష్టమని.

మూడు రోజులూ ఊపిరే

మొదటి మూడు రోజులూ చేసే పని ఒక్కటే. ముక్కుపుటాల్లోకి వచ్చే గాలినీ, బయటికి పోయే గాలినీ గమనించడం. దీని పేరు ఆనాపాన. ప్రాణాయామంలోలాగా శ్వాసను బిగబట్టడం, పొడిగించడం ఇందులో ఉండవు. ఊపిరి ఎలా వస్తే అలా రానిచ్చి, అది పొట్టిదైతే పొట్టిదని, పొడవైతే పొడవని, కుడి ముక్కులోంచి వస్తే కుడి అని తెలుసుకుంటూ ఉండాలి. మంత్రం లేదు, దేవుడి రూపం లేదు. ఏ మతంవాళ్లయినా ఊపిరి పీలుస్తారు కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదని గోయెంకా చెప్పేవారు.

వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కూర్చుంటే పది శ్వాసలు నిలవవు. మనసు ఆఫీసుకో, అప్పుల దగ్గరికో, ఇరవై ఏళ్ల కిందట ఎవరో అన్న మాట దగ్గరికో పరుగెడుతుంది. 2010లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇద్దరు 2,250 మందిని ఫోన్ యాప్ ద్వారా రోజులో రకరకాల వేళల్లో పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో చేస్తున్న పని మీద మనసు లేదని తేలింది. అలా మనసు వేరేచోట ఉన్నప్పుడు వాళ్లు తక్కువ సంతోషంగా ఉన్నట్టు కూడా కనబడింది.

ఈ బాధ కొత్తది కాదు. భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు కృష్ణుడి ముందు మొరపెట్టుకున్నది దీని గురించే. గాలిని మూటకట్టడం ఎంత కష్టమో ఈ మనసును పట్టుకోవడం అంత కష్టమన్నాడు. కృష్ణుడు కాదనలేదు. కష్టమేనని ఒప్పుకుని రెండు ఉపాయాలు చెప్పాడు, అభ్యాసం, వైరాగ్యం. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలోనూ సరిగ్గా ఈ రెండు మాటలే కనిపిస్తాయి. మనసు పారిపోయిన ప్రతిసారీ కోప్పడకుండా మళ్లీ శ్వాస దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టడం అభ్యాసం. అది వందసార్లు పారిపోతే నూటొక్కసారి తీసుకురావాలి. మనసు చెదిరిందంటే ధ్యానం చెడిపోయిందని చాలామంది నిరుత్సాహపడి లేచిపోతారు. నిజానికి చెదిరిందని తెలుసుకుని వెనక్కి తెచ్చే ఆ కదలికే ధ్యానం. బడికి పోనని మారాం చేసే పిల్లవాడి చెయ్యి పట్టుకుని తల్లి రోజూ తీసుకెళ్లినట్టే ఈ పని కూడా.

నాలుగో రోజు అసలు విపశ్యన మొదలవుతుంది. మూడు రోజుల సాధనతో పదునెక్కిన మనసుతో నడినెత్తి నుంచి అరికాలి దాకా ఒళ్లంతా ఒక్కొక్క భాగంగా చూసుకుంటూ వెళ్లాలి. వేడి, చలి, బరువు, తిమ్మిరి, నొప్పి, జలదరింపు ఏది తగిలితే దాన్ని గమనించి ముందుకు పోవాలి. బాగున్నదాన్ని పట్టుకోకూడదు, బాగాలేనిదాన్ని నెట్టకూడదు. బుద్ధుడు చెప్పినదాని ప్రకారం మనిషి బయట వస్తువులకి కాదు, అవి తగిలినప్పుడు ఒంట్లో పుట్టే వేదనకి స్పందిస్తాడు. వేదన అంటే ఇక్కడ బాధ అని కాదు, ఒంటికి తెలిసే ఏ అనుభూతైనా సరే. అది సుఖంగా ఉంటే ఇంకా కావాలంటాడు, లేకపోతే పొమ్మంటాడు. ఆ కావాలి, పొమ్ము అన్న లాగులాటలోంచే దుఃఖం పుడుతుంది. కోపం వచ్చినప్పుడు ముందుగా ముఖం వేడెక్కుతుంది, ఊపిరి వేగమవుతుంది, గుండె దడదడలాడుతుంది. మాట ఆ తర్వాతే బయటికి వస్తుంది. ఒంట్లో ఆ మార్పును పసిగట్టడం నేర్చినవాడికి నోటిదాకా వచ్చిన మాటను ఆపుకునే వ్యవధి దొరుకుతుంది.

రైతు, అకౌంట్స్ అధికారి, వ్యాపారి

ధ్యానమంటే సంసారం వదిలిన సన్యాసుల పని అని మనలో చాలామంది అనుకుంటారు. ఈ పద్ధతి మన దాకా వచ్చిన దారి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు.

బ్రిటిష్‌వాళ్లు మాండలే కోటను పట్టుకుని బర్మా రాజరికాన్ని ముగించిన కాలంలో అక్కడ లెడి సయాడో అనే బౌద్ధ భిక్షువు ఉండేవారు. 1846లో పుట్టిన ఆయన గొప్ప పండితుడు. మఠాల్లో భిక్షువుల దగ్గరే ఉండిపోయిన ధ్యానాన్ని మామూలు జనానికి అర్థమయ్యే బర్మీ భాషలో రాసి ఊళ్లకి అందించారు. ఆయన శిష్యుల్లో ఒకరు సయా తెజీ. రంగూన్ నది అవతల ఒక పల్లెలో రైతు. 1903లో వచ్చిన కలరాలో కన్నబిడ్డలను పోగొట్టుకుని, ఆ దుఃఖానికి విరుగుడు వెతుక్కుంటూ బయలుదేరిన మనిషి. ఏళ్ల తరబడి సాధన చేసి తిరిగి ఊరికొచ్చి, గృహస్థుగానే ఉండి నలుగురికీ నేర్పారు.

1937లో ఆ రైతు దగ్గరికి ధ్యానం నేర్చుకోవడానికి వచ్చినవారు ఊ బా ఖిన్. ప్రభుత్వ అకౌంట్స్ శాఖలో ఉద్యోగి. 1941లో ఉద్యోగం మీద రైల్లో వెళ్తూ, దారిలో వెబు సయాడో అనే పేరున్న భిక్షువును కలుసుకున్నారు. ఆయన సాధన చూసిన భిక్షువు, నీకు తెలిసింది ఇక నువ్వు నేర్పడం మొదలుపెట్టు అని ప్రోత్సహించారు. ఊ బా ఖిన్ మొదటి పాఠం దారిలోని ఒక రైల్వే స్టేషన్ ఉద్యోగికి, తన రైలు పెట్టెలోనే చెప్పారని ఆయన జీవిత కథ చెబుతుంది. 1948 జనవరి 4న బర్మాకి స్వాతంత్ర్యం వచ్చాక ఆయన దేశ అకౌంటెంట్ జనరల్ అయ్యారు. 1950లో తన ఆఫీసులోనే ఉద్యోగుల కోసం విపశ్యన సంఘం పెట్టారు. 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం తెరిచారు. ఆ తర్వాత కూడా ప్రభుత్వ బాధ్యతలు వదల్లేదు. పగలంతా ఫైళ్లు, ఖాతాలు, లంచాలకు లొంగని పాలన. ఆ తర్వాత శిష్యులతో ధ్యానం. ఒక మనిషి ఈ రెండూ చేయగలడా అని సందేహించేవారికి ఆయన జీవితమే సమాధానం.

ఆయన దగ్గరికి 1955లో వచ్చినవారు గోయెంకా. 1924లో మాండలేలో మార్వాడీ కుటుంబంలో పుట్టిన పెద్ద వ్యాపారి. భయంకరమైన మైగ్రేన్ తలనొప్పితో మార్ఫిన్ ఇంజెక్షన్ల మీద రోజులు నెట్టారు. దేశదేశాల డాక్టర్లకు చూపించుకున్నా ఫలితం దొరకలేదు. తలనొప్పి పోగొట్టండని వచ్చిన ఆయన్ని ఊ బా ఖిన్ ముందు వెనక్కి పంపబోయారు. ధ్యానం రోగాల మందు కాదని, మనసు శుద్ధి కోసమైతేనే రమ్మని చెప్పారు. గోయెంకా ఆలోచించుకుని మళ్లీ వచ్చారు. పద్నాలుగేళ్లు గురువు దగ్గర నేర్చుకుని 1969లో భారతదేశం వచ్చారు. ఆ జూలైలో బొంబాయిలోని ఒక ధర్మశాలలో మొదటి శిబిరం పెడితే తల్లిదండ్రులతో కలిపి పట్టుమని పదిహేనుమంది కూడా లేరు. ఇవాళ ఆ సంప్రదాయంలో ప్రపంచమంతటా 200కు పైగా కేంద్రాలున్నాయి. 2012లో ప్రభుత్వం ఆయనకి పద్మభూషణ్ ఇచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. 'హోమో డ్యూస్' రాసిన చరిత్రకారుడు యువల్ నోవా హరారి ఆ పుస్తకాన్ని ఆయనకే అంకితమిచ్చారు.

సంకెళ్లు తీశాకే పాఠం

ధ్యానం తీరిక ఉన్నవాళ్ల వ్యవహారమని కొట్టిపారేసేవాళ్లు తెలుసుకోవాల్సిన ఘట్టం ఒకటి రాజస్థాన్‌లో జరిగింది. 1975లో ఆ రాష్ట్ర హోం కార్యదర్శిగా ఉన్న రామ్ సింగ్ చొరవతో జైపూర్ సెంట్రల్ జైల్లో ఖైదీలకు శిబిరం పెట్టారు. కొందరు ఖైదీలను సంకెళ్లతోనే మందిరంలోకి తీసుకొచ్చారు. గోయెంకా ఒప్పుకోలేదు. సంకెళ్లతో ఉన్న మనిషి ముందు కూర్చుని విముక్తి గురించి ఎలా చెప్పను అన్నది ఆయన ఆవేదన. చివరికి సంకెళ్లు తీశారు. పాఠం మొదలైంది.

దేశమంతా ఈ సంగతి ఎరిగింది మాత్రం తిహార్ జైలు వల్ల. 1993లో కిరణ్ బేడీ ఢిల్లీ జైళ్ల ఐజీగా వచ్చేనాటికి అక్కడ తొమ్మిది వేలమందికి పైగా ఖైదీలు కిక్కిరిసి ఉండేవారు. వాళ్లలో ఎక్కువమంది విచారణ పూర్తికానివాళ్లే. కోపం పోగొట్టే దారేదైనా ఉందా అని ఆమె వెతుకుతుంటే, తనకి విపశ్యన వల్ల కోపం తగ్గిందని జైలు అధికారి ఒకరు చెప్పారు. ముందు జైలు సిబ్బందిని శిబిరాలకి పంపారు. ఆ నవంబరులో ఖైదీలకు మొదటి శిబిరం జరిగింది. 1994 ఏప్రిల్‌లో వెయ్యిమందికి పైగా ఖైదీలు డేరాల కింద పది రోజులు మౌనంగా కూర్చున్నారు. గోయెంకా స్వయంగా నడిపించారు. మరుసటి నెలలో జైలు లోపలే శాశ్వత కేంద్రం ఏర్పడింది. ఇద్దరు ఇజ్రాయెలీ మహిళలు దీని మీద తీసిన డాక్యుమెంటరీ 1997లో వచ్చింది. అందులో హత్య కేసుల్లో ఉన్నవాళ్లు జైలు అధికారుల్ని కౌగిలించుకుని ఏడుస్తారు. నాలుగు గోడల మధ్య ఏళ్లకేళ్లు పగను నెమరేసుకునే మనిషికి, ఆ పగ తన ఒంట్లోనే మంటగా ఉందని, ముందు కాలేది తానేనని తెలిసొచ్చిన వేళ అది.

మన కొండలకి ఇది కొత్త కాదు

తెలుగు నేలకి ఈ ధ్యానం బయటినుంచి వచ్చిందనడం కంటే తిరిగి వచ్చిందనడం సబబు. ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండెక్కితే రాతిలో తొలిచిన గుండ్రటి చైత్యం కనిపిస్తుంది. లోపలికి వెళ్లి తలెత్తి చూస్తే పైకప్పులో వాసాలున్నాయి. పూరిగుడిసెకి కర్రవాసాలు ఎలా వేస్తారో అచ్చం అలాగే రాతిని చెక్కారు. వర్షాకాలంలో తలదాచుకున్న భిక్షువులకు తమ ఊళ్లోని గుడిసె గుర్తొచ్చేలా ఆ శిల్పులు పనిచేసి రెండు వేల ఏళ్లు దాటింది. విశాఖ సముద్రాన్ని చూస్తూ ఉండే తొట్లకొండకి ఆ పేరు రావడానికి కారణం, వాననీళ్లు పట్టుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లు. పక్కనే బావికొండ. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాల్లో బయటపడ్డ విహారాల్లో ఒక మనిషి పడుకుని, కూర్చోవడానికి మాత్రమే సరిపోయే చిన్న గదుల వరసలున్నాయి. సాగర్ నీటిలో ఆ లోయ మునిగిపోయినా కొన్నింటిని కొండ మీదికి చేర్చి కాపాడారు.

ఇప్పటి శిబిరాల్లో కొన్ని అలాంటి చోట్లకి దగ్గర్లోనే వెలిశాయి. హైదరాబాద్‌లో సాగర్ రోడ్డులో వనస్థలిపురం దగ్గర ధమ్మఖేత్త 1976లోనే మొదలైంది. మహారాష్ట్రలో ఇగత్‌పురి కేంద్రం ధమ్మగిరికి కూడా అదే సంవత్సరం. నాగార్జునసాగర్‌లో ధమ్మనాగజ్జున, ఏలూరు జిల్లా విజయరాయిలో ధమ్మవిజయ, సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో ధమ్మకొండన్న ఉన్నాయి. కొండాపూర్ శాతవాహనుల నాటి ఊరు. ఈ కేంద్రాల్లో ఎక్కడా రుసుము ఉండదు. తిండికి, వసతికి కూడా తీసుకోరు. పది రోజులు పూర్తిచేసినవాళ్లు మాత్రమే, ఇష్టమైతే తర్వాత వచ్చేవాళ్ల కోసం దానం ఇవ్వొచ్చు.

డాక్టర్లు ఒప్పుకున్నదెంత

1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త, ఏ మందుకీ తగ్గని నొప్పులతో బాధపడేవాళ్ల కోసం ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ మొదలుపెట్టారు. మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో ఇప్పుడు కంపెనీల్లోనూ ఫోన్ యాప్‌లలోనూ వినిపించేదానికి మూలం అక్కడుంది. విపశ్యన, జెన్ ధ్యానాల్లోంచి మతం ఊసు లేకుండా తీసుకున్న పద్ధతి అది. 2022లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆందోళన రుగ్మత ఉన్న 276 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఈ శిక్షణ, రెండోదానికి ఎస్సిటలోప్రామ్ అనే మందు ఇచ్చారు. ఎనిమిది వారాలకి రెండు జట్లలోనూ ఆందోళన దాదాపు సమానంగా తగ్గింది. 2014లో 47 పరిశోధనల్ని కలిపి చూసిన సమీక్షలో ఆందోళన, కుంగుబాటు, నొప్పుల విషయంలో ధ్యానం కొంత మేలు చేస్తుందని తేలింది. అయితే వ్యాయామం, మందులు లాంటి చికిత్సల కంటే మెరుగని చెప్పే ఆధారం దొరకలేదు.

దీన్ని బట్టి ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. డాక్టరు రాసిన మాత్రలు మానేసి ధ్యానానికి కూర్చోకూడదు. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లకి రోజుకి పది గంటల మౌనం ఉపశమనం ఇవ్వకపోగా హాని చేయవచ్చు. పాత గాయాలు ఒక్కసారిగా పైకొచ్చి కొందరు తట్టుకోలేకపోతారు. అందుకే దరఖాస్తులోనే ఆరోగ్యం గురించి అడుగుతారు. అక్కడ దాచకుండా రాయడం మనకే మంచిది.

పది నిమిషాలైనా

పది రోజులు సెలవు దొరకనివాళ్లు ఇంట్లోనే ఆనాపానతో మొదలుపెట్టొచ్చు. పొద్దున్నే ఇల్లు లేవకముందు ఒక పది నిమిషాలు. పద్మాసనమే వేయక్కర్లేదు. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చున్నా సరే, వెన్ను నిటారుగా ఉంటే చాలు. కళ్లు మూసుకుని పైపెదవి పైన, ముక్కుపుటాల దగ్గర తగిలే గాలిని గమనించడమే పని. మనసు పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే మళ్లీ ఊపిరి దగ్గరికి రావాలి. రోజుకో చోట, రోజుకో వేళ కంటే ఒకే చోట, ఒకే వేళ కూర్చుంటే అలవాటు తొందరగా కుదురుతుంది.

తర్వాత దాన్ని పగటి పనుల్లోకి తెచ్చుకోవచ్చు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర వెనకవాడు హారన్ మోగిస్తూనే ఉంటే, ఆ చప్పుడుకి ఒంట్లో ఎక్కడ బిగుసుకుందో చూసుకోవాలి. భుజాల్లోనా, దవడలోనా? అత్తాకోడళ్ల మధ్య మాట పెరగబోతుంటే, గ్యాస్ కట్టేయడానికి అటు తిరిగిన ఆ కాస్త వ్యవధిలో రెండు శ్వాసలు గమనించాలి. పిల్లల మార్కుల షీటు చేతికొచ్చినప్పుడు దాని మీద సంతకం పెట్టేముందు ఒక శ్వాస. ఇవన్నీ చిన్నవే. గోయెంకా నేర్పినదాని ప్రకారం సాధన ఫలించిందా లేదా అన్నది ధ్యాన మందిరంలో తేలదు, ఇంట్లోనూ ఆఫీసులోనూ తేలుతుంది.

శిబిరంలో పదో రోజు ఉదయం మైత్రీ భావన నేర్పుతారు. తనకు దొరికిన ప్రశాంతత అందరికీ దొరకాలని కోరుకోవడమే ఆ సాధన. దాంతో మౌనం ముగుస్తుంది. తొమ్మిది రోజులు పక్కపక్కనే కూర్చుని ఒకరి పేరు మరొకరికి తెలియనివాళ్లు ఒక్కసారిగా మాట్లాడుకోవడం మొదలుపెడతారు. పదకొండో రోజు పొద్దున ఆఖరి ప్రవచనం, టిఫిను. ఆ తర్వాత అందరూ ఎవరి గది వాళ్లు ఊడ్చి, బాత్‌రూములు కడిగి, దుప్పట్లు దులిపి మడతపెడతారు. తాము పది రోజులు తిన్నదీ పడుకున్నదీ ఎవరో ముఖం తెలియని మనిషి ఇచ్చిన దానంతోనని అప్పటికి వాళ్లకి తెలుసు. కొందరు కౌంటరు దగ్గర ఆగి, తర్వాత రాబోయే ముఖం తెలియని మనిషి కోసం తమకు తోచినంత రాసిస్తారు. ఫోన్లు తిరిగి చేతికొస్తాయి. గేటు దాటి సాగర్ రోడ్డు మీదకి వచ్చేసరికి బస్సు హారన్లు, లారీల రొద చెవుల్ని హోరెత్తిస్తాయి. చేతిలో ఫోను కూడా మోగుతుంది. కొత్తగా శిబిరం ముగించి వచ్చిన ఆ మనిషి స్క్రీన్ మీద పేరు చూస్తాడు, ముక్కుపుటాల దగ్గర ఒక శ్వాస తగిలేదాకా ఆగి, అప్పుడు ఫోనెత్తి 'చెప్పమ్మా' అంటాడు.